బిల్లు వసూలునకు తెలుగు, బిల్లు మార్పునకు ఇంగ్లీషు!

బరంపురము పాత వీధులలోని తెలుగు కుటుంబములలో అనేకులకు ఇంటర్నెట్ తీగ నిచ్చుచున్నది పెద్ద కంపెనీ కాదు. ఈ ఊరనే పుట్టి ఈ ఊరనే పెరిగిన ఒక చిన్న సంస్థ. పూర్వము కేబులు టీవీ నడిపినవారే కాలక్రమమున ఫైబరు వేసి, ఇంటర్నెట్ కూడ నిచ్చుచున్నారు. ఆ సంస్థవారు ఇటీవల తమ చందాదారులకు కొన్ని క్రొత్త సేవలను ప్రకటించిరి. వేగము పెంచెదమనిరి. క్రొత్త రకపు రౌటరు నిచ్చెదమనిరి. ఫైబరుతోపాటు ఉచిత టెలిఫోనును, సినిమా యాప్‌ల ప్యాకేజీని చేర్చెదమనిరి. పాత ప్లానులు రద్దగుననియు, వలదని తెలుపని చందాదారుడు తనంతట క్రొత్త ప్లానులోనికి మార్చబడుననియు చివర నొక వాక్యము చేర్చిరి. ఈ ప్రకటన సెల్‌ఫోనులకు మెసేజిగా వచ్చినది. మొదటి అక్షరము నుండి తుది అక్షరము వరకు ఇంగ్లీషు.

నేను కలము పట్టుటకు కారణము ఆ క్రొత్త సేవలు కావు. ఆ చివరి వాక్యము, అది వ్రాయబడిన భాష.

ముందుగా ఒక సంగతి స్పష్టము చేయవలెను. క్రొత్త సేవలకు మనము విరోధులము కాము. చిన్న సంస్థలకు అంతకంటెను విరోధులము కాము. మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోనికి వచ్చినది 1995 ఆగస్టు 15న; నాడు ఇచ్చినది ప్రభుత్వరంగ సంస్థయగు వి.ఎస్.ఎన్.ఎల్. ఒక్కటియే. 1998లో ప్రైవేటు వారికి ద్వారములు తెరచినపుడు దేశమంతటికి, టెలికం సర్కిలునకు, చిన్న ప్రాంతమునకు వేర్వేరుగా ఎ, బి, సి అను మూడు తరగతుల లైసెన్సులు పెట్టిరి. స్వల్ప పెట్టుబడి గలవాడు కూడ తన ఊరి మేరకు ఈ వ్యాపారము చేయగలుగుటకు నాటి విధానమే దారి చూపినది. పెద్ద కంపెనీవాడు ఇరుకు సందులోనికి తీగ లాగుటకు వెనుదీసిన కాలమున, మన సందులలో స్తంభములెక్కి తీగ తెచ్చినవారు ఈ చిన్నవారే. రాత్రి పది గంటలకు ఫోను చేసినను వచ్చి చూచిపోవువారు వీరే. వర్తకుడనైన నాకు సాటి చిన్న వర్తకుని కష్టము తెలియును.

తెలియును గనుకనే అడుగుచున్నాను. నెల మొదటి వారమున డబ్బు వసూలునకు మన గుమ్మములోనికి వచ్చు కుర్రవాడు ఏ భాష మాటాడుచున్నాడు? తెలుగు. "అమ్మగారూ, ఈ నెల రీచార్జి ఇంకను కాలేదండీ" అని వినయముగా తెలుగుననే అడుగుచున్నాడు. తీగ తెగినపుడు వచ్చు లైన్‌మాను తెలుగు మాటాడుచున్నాడు. క్రొత్త కనెక్షను ఇప్పింపుమని మన ఇండ్లు తిరిగిననాడు యజమానియు తెలుగుననే మాటాడినాడు. మరి ధర మారునపుడు, షరతు మారునపుడు, పాత ఒప్పందము పోయి క్రొత్త ఒప్పందము వచ్చునపుడు ఆ తెలుగు ఎచటికి పోయినది? బిల్లు వసూలునకు తెలుగును, బిల్లు మార్పునకు ఇంగ్లీషునా? వినయమునకు ఒక భాష, షరతునకు వేరొక భాషయా?

ఇది చిన్న విషయమని కొందరు అనుచున్నారు. ఎంత చిన్నదో లెక్క చూతము.

మొదటిది ధర. నెలకు 499 రూపాయలని మెసేజిలో పెద్దగా ఉన్నది. పన్ను అదనమని ప్రక్కన ఒక ముక్క యున్నది. 2017 జూలై 1 నుండి టెలికం సేవలపై జి.ఎస్.టి. నూటికి 18 వంతున పడుచున్నది. అనగా 499 రూపాయలకు పన్ను 89 రూపాయల 82 పైసలు. చెల్లింపవలసినది 588 రూపాయల 82 పైసలు. ఇంగ్లీషు రాని గృహిణికి అంకె మాత్రము తెలియును, ప్రక్కనున్న ముక్క తెలియదు. నేను దుకాణమున అమ్ము బిస్కట్టు పొట్లముపై గరిష్ఠ ధర సమస్త పన్నులతో కలిపి ముద్రింపబడి యుండవలెనని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు శాసించుచున్నవి. ఆ ధరకు ఒక రూపాయి ఎక్కువ పుచ్చుకొన్నచో నేను నేరస్థుడను. పది రూపాయల పొట్లమునకు ఇంత కట్టుబాటు ఉండగా, ఏడాదికి ఏడు వేల రూపాయల చందాకు అర్థము గాని ఒక్క వరుస చాలునా?

రెండవది వేగము. 100 ఎం.బి.పి.ఎస్. అని చెప్పుచున్నారు. ఇందలి 'బి' బిట్టు. మన కంప్యూటరులోని ఫైలు కొలత బైటు. ఎనిమిది బిట్టులు ఒక బైటు. కావున 100 ఎం.బి.పి.ఎస్. అనగా సెకనునకు పన్నెండున్నర మెగాబైటులు మాత్రమే. అది కూడ నెలసరి పరిమితి ముగియువరకే. పిదప వేగము తగ్గించుట కలదు. పరిమితి ఎంత, అది దాటిన తరువాత వేగమెంత అనునవి స్పష్టముగా ప్రకటింపవలెనని ట్రాయ్ 2016 అక్టోబరు 31న ఆదేశించినది. ఈ ఆదేశము యొక్క ఉద్దేశ్యమేమి? చందాదారునికి తెలియవలెననియే కదా! తెలియని భాషలో ప్రకటించినచో ఆదేశము నెరవేరినట్లు కాగితముపై నుండును. చందాదారుని మనస్సున నుండదు. ఇక క్రొత్త రౌటరు సంగతి. దానిలో హెచ్చు వేగమిచ్చు 5 గిగాహెర్ట్జ్ బ్యాండు మందపు గోడలను దాటుటలో పాతదానికంటె బలహీనము. మన పాత ఇండ్లు పొడుగైనవి, గోడలు దళసరివి. ముందు గదిలో పెట్టె పెట్టిన వెనుక గదికి అందకపోవచ్చును. ఈ ఒక్క మాట తెలుగున చెప్పియున్నచో, అదనపు రుసుము చెల్లింపవలెనో వలదో ఎవరి ఇంటిని బట్టి వారు నిర్ణయించుకొనెదరు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము, ఉచిత టెలిఫోను. మన ఇండ్లలో వృద్ధ దంపతులు ఒంటరిగా ఉండుట నేడు సామాన్యమైనది. పిల్లలు హైదరాబాదున, బెంగుళూరున, విదేశములలో నున్నారు. ఆ వృద్ధులు "టెలిఫోను" అను మాట వినగానే పాత నల్ల ఫోనును తలచుకొనుచున్నారు. ఆ పాత ఫోను రాగి తీగపై నడచునది. దానికి వలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజి లోని బ్యాటరీల నుండి ఆ తీగ మీదనే వచ్చెడిది. ఇంట కరెంటు పోయినను ఫోను పలికెడిది. ఫైబరు అట్టిది కాదు. అది గాజు పోగు. దానిలో పోవునది వెలుగు, విద్యుత్తు కాదు. గోడకు బిగించిన పెట్టెకు మన ఇంటి కరెంటే ఆధారము. కరెంటు పోయిన క్షణమున ఫోనును పోవును.

ఈ ఊరి వారికి కరెంటు పోవుట యనగా ఏమో వేరుగా చెప్పవలెనా? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము చెంతనే తీరము దాటినది. స్తంభములు కూలి పలుదినములు ఊరు చీకటిలో నున్నది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస వద్ద తీరము దాటి, గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తినది. అట్టి రాత్రి గుండె నొప్పి వచ్చిన పెద్దమనిషి, ఉచిత టెలిఫోను ఉన్నదను ధైర్యమున రిసీవరు ఎత్తినచో చెవికి నిశ్శబ్దము వినవచ్చును. "విద్యుత్తు లేనపుడు ఈ ఫోను పనిచేయదు, సెల్‌ఫోనును ఛార్జి చేసి ఉంచుకొనుడు, లేక పెట్టెకు చిన్న బ్యాటరీ అమర్చుకొనుడు" అను హెచ్చరిక ఆ వృద్ధునికి ముందుగా చేరవలెను. చేరుట యనగా ఫోనులో మ్రోగుట కాదు, బుద్ధికి అందుట.

నాలుగవది మోసము. నేడు బ్యాంకు పేర, విద్యుత్తు శాఖ పేర, కేబులు వారి పేర దొంగ మెసేజిలు వచ్చుచున్నవి. "మీ కనెక్షను ఈ రాత్రి నిలిపివేయబడును, ఈ లింకు నొక్కుడు" అని భయపెట్టుచున్నారు. అసలు మెసేజియు ఇంగ్లీషుననే, దొంగ మెసేజియు ఇంగ్లీషుననే వచ్చుచుండగా, రెంటిని చదువలేని తల్లి ఏమి చేయును? ఫోనును ప్రక్కింటి కుర్రవానికో, దారిన పోవు వానికో ఇచ్చి "చూడు నాయనా" అనును. ఓటీపీ వచ్చిన అదియు చూపును. చదువలేని ప్రకటన పంపుట వలన మన పెద్దలకు ఫోనును పరుల చేతికిచ్చు అలవాటు మనమే నేర్పుచున్నాము. డబ్బు పోయిన పిదప 1930 నంబరునకు ఫిర్యాదు చేయుట ఎట్లో నేర్పుట మంచిదే. పోకముందే తెలుగున రెండు వాక్యములు వ్రాయుట అంతకంటె మంచిది.

ఇక వినవచ్చు ఆక్షేపణలకు సమాధానము చెప్పెదను.

"తెలుగున మెసేజి పంపుట ఖర్చు" అని సంస్థవారి మాట. ఇందు కొంత నిజము కలదు; దానిని దాచను. ఇంగ్లీషు అక్షరములైనచో ఒక మెసేజిలో 160 పట్టును. తెలుగు మొదలైన మన లిపులైనచో 70 మాత్రమే పట్టును. అందునను గుడియు, కొమ్మును, ఒత్తును వేర్వేరు అక్షరములుగా లెక్కకు వచ్చును. ఇంగ్లీషున ఒక మెసేజియైన విషయము తెలుగున మూడు మెసేజిలు కావచ్చును. కాని దినదినము పంపు ప్రకటనలన్నిటిని తెలుగున పంపుమని ఎవరడిగిరి? ధర మారునపుడు, షరతు మారునపుడు, మరమ్మతునకై సేవ నిలుపునపుడు మాత్రము పంపుడు. ఏడాదికి అట్టివి ఎన్ని వచ్చును? అదియు భారమైనచో వసూలునకు వచ్చు కుర్రవాని చేతికి అరఠావు కాగితమిచ్చి పంపుడు. దుకాణము ముందర ఒక పలక తగిలించుడు. పప్పు ధర మారినపుడు నేను సుద్దముక్కతో పలకపై వ్రాయుదును. దానికై దివాలా తీసిన వర్తకుని నేనింతవరకు చూడలేదు.

"చట్టము నిర్బంధింపదు కదా" అని రెండవ మాట. నిజమే. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడు భాషా అల్పసంఖ్యాకుల కొరకు కొన్ని రక్షణలు ఏర్పడినవి. జిల్లాలోగాని అంతకు చిన్న ప్రాంతములోగాని జనాభాలో నూటికి 15 మందికి తక్కువ గాకుండ మాటాడు భాషలోనికి ముఖ్యమైన ప్రభుత్వ నిబంధనలను, నోటీసులను అనువదించి ప్రకటింపవలెనని అందొకటి. ఆ సంవత్సరమే ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-బి అధికరణము చేరినది. 1957లో భాషా అల్పసంఖ్యాకుల కమీషనరు పదవి ఏర్పడినది. ఇవి ప్రభుత్వమునకు సంబంధించినవే గాని, ఒక చిన్న వ్యాపార సంస్థను కట్టివేయవు. కాని ప్రభుత్వము ఏ న్యాయమును బట్టి ఆ నియమమునకు ఒప్పుకొన్నదో ఆలోచింపుడు. పాటింపవలసిన వానికి అర్థము గానిదే నోటీసు కాదను న్యాయమును బట్టి. ఆ న్యాయము వ్యాపారమునకు చెల్లదా? 2019 వినియోగదారుల రక్షణ చట్టము సరకు యొక్కయు సేవ యొక్కయు నాణ్యతను, పరిమాణమును, ధరను తెలిసికొను హక్కును మనకిచ్చినది. ఢిల్లీ ప్రభుత్వము నడుపు వినియోగదారుల సహాయకేంద్రము 1915 నంబరున తెలుగున కూడ ఫిర్యాదు వినుచున్నది. ఢిల్లీకి మన తెలుగు వినబడుచుండగా, మన వీధి చివరనున్న దుకాణమునకు వినబడదా?

"ఇది ఒడిశా, ఇచట తెలుగేమి" అని మూడవ మాట. దీనికి శాంతముగనే బదులు చెప్పవలెను. 1936 ఏప్రిలు 1న ఒడిశా ఏర్పడుటకు ముందు ఈ గంజాం మద్రాసు రాజధానిలోనిది; మన పెద్దలు అంతకు పూర్వమే ఇచట స్థిరపడిరి. సరిహద్దు మారినదే గాని మనము మారి రాలేదు. ఒడియా మన రాష్ట్ర భాష. మన బిడ్డలు దానిని చదువుచున్నారు, మన బేరములు దానిలో సాగుచున్నవి. కాని ఆ మెసేజి ఒడియాలో కూడ లేదు! ఒడియా మాత్రమే తెలిసిన మా ప్రక్కింటివారు కూడ మనవలెనే తెల్లబోయి చూచుచున్నారు. కావున మన కోరిక ఒడియాకు పోటీ కాదు. మొదట ఒడియా, పిదప తెలుగు, చివర ఇంగ్లీషు ఉండవలెనని కోరుదము. ఈ కోరికలో మన ఒడియా సోదరులు మనతో చేయి కలుపుదురని నా దృఢ విశ్వాసము.

నాలుగవ ఆక్షేపణ పరులది కాదు, మనదే. "పిల్లలు చదివి చెప్పుదురు లెండి" అని మనవారే అనుచున్నారు. నాకు మిక్కిలి బాధ కలిగించు మాట ఇది. తన ఇంటి చందా ఎంతో తెలిసికొనుటకు డెబ్బది ఏండ్ల పెద్ద పదునాలుగేండ్ల మనుమని తీరిక కొరకు కాచియుండవలెనా? జీవితమంతయు పద్దులు వ్రాసి, వడ్డీ లెక్కలు నోట చెప్పిన మనిషిని అక్షరము రాని వానిగా చేయుట న్యాయమా? ఆయన నిరక్షరాస్యుడు కాడు; ఆయనకు వచ్చిన అక్షరములలో వ్రాయువారు లేకపోయిరి. అంతే. మరియొక సంగతి. ఆ మనుమనికి తెలుగు అక్షరములు రావు. ఎందులకు నేర్చుకొనవలెనని వాడడిగిన మనము ఉగాది సభలోని ఉపన్యాసములు చూపుచున్నాము. బిల్లు చూపగలిగిన నాడు, రసీదు చూపగలిగిన నాడు, వాడు మారు ప్రశ్న వేయడు. నిత్యవ్యవహారమున చెల్లని భాషను ఉత్సవములు ఎంతకాలము నిలుపగలవు?

ఇది బరంపురమునకు మాత్రమే చెందిన మాట కాదు. యానామున తెలుగునకు 1965 నాటి అధికార భాషా చట్టము వలన వ్యవహారమున చోటు కలదు. తమిళనాటను, కర్ణాటకమునను 2011 జనాభా లెక్కలలో నూటికి దాదాపు ఆరుగురు తెలుగును మాతృభాషగా చెప్పిరి. హోసూరున, బళ్లారిలో, షోలాపురమున నున్న చదువరులు తమ వీధి కేబులువారు పంపిన మెసేజిని ఒకసారి తీసి చూడవలెను. ఏ భాషలో వచ్చినది, ఎవరికి అర్థమైనది అని ఇంటివారి నందరిని అడిగి చూడవలెను.

సంస్థవారిని మనము కోరవలసినవి నాలుగు. ఒకటి: ధరయు షరతులు మారుటకు ముప్పది దినములు ముందుగా ఒడియాలోను తెలుగునను తెలుపవలెను, పన్నుతో కలిపిన మొత్తము చెప్పవలెను. రెండు: మౌనమును అంగీకారముగా లెక్కింపరాదు, చందాదారుడు ఒప్పుకొన్న పిదపనే ప్లాను మార్చవలెను. మూడు: ఫైబరు ఫోను తీసికొను ప్రతి ఇంటికి, కరెంటు లేనపుడు అది పనిచేయదని వ్రాతమూలకముగా తెలుపవలెను. నాలుగు: సేవ ఆగినపుడు ఎప్పుడు బాగగునో, ఆగిన దినములకు చందా ఎంత తగ్గునో తెలుపవలెను. ఈ నాలుగవది క్రొత్త కోరిక కాదు. బ్రాడ్‌బ్యాండు సేవల నాణ్యతపై ట్రాయ్ 2006లో చేసిన నిబంధనలలోనే, లోపము మూడు పనిదినములు దాటి బాగుపడనిచో ఏడు దినముల చందా తగ్గింపవలెనని యుండెను. నాణ్యతా నిబంధనలను 2024లో మరల క్రొత్తగా కూర్చిరి. మన ఇండ్లలో ఎన్ని మారులు తీగ మూడు దినములు మూగవోలేదు? అట్టి తగ్గింపును గూర్చి తెలుగున గాని, ఒడియాలో గాని, తుదకు వారికి ప్రియమైన ఇంగ్లీషున గాని మెసేజి వచ్చినట్లు నేనెరుగను.

కోరుట మాత్రమే కాదు, మనము ఇవ్వవలసినదియు కలదు. తెలుగు అనువాదమునకు మనిషి లేడని సంస్థవారు అనకుండ, ఆ పని మన సంఘము ఉచితముగా చేసి ఇచ్చును. వ్యాపార మెసేజిల మాదిరులను ముందుగా నమోదు చేయవలెనని 2018 నాటి ట్రాయ్ నిబంధనలు చెప్పుచున్నవి. ఒకసారి తెలుగు మాదిరి నమోదైనచో అంకెలు మార్చి ఎన్ని మారులైనను వాడుకొనవచ్చును. ధర మార్పునకు ఒకటి, మరమ్మతునకు ఒకటి, తుపాను హెచ్చరికకు ఒకటి, మూడు మాదిరులు చాలును. చదువుకొన్న యువకులు ఒక సాయంకాలము కూర్చుండిన ముగియు పని. పెద్ద కంపెనీకి మారిపోదమని తొందరపడువారికి నా మనవి: అచట మీ మొర వినుటకు మనిషియే దొరకడు, యంత్రము పలుకును. ఇచట యజమాని సంతలో కనబడును, నిలిపి అడుగవచ్చును. ఆ సౌకర్యమును వదలుకొనవలదు, వినియోగించుకొనుడు.

అంతవరకు ప్రతి గృహస్థుడును చేయవలసినది ఒకటి కలదు. ఈ నెల వసూలునకు కుర్రవాడు వచ్చినపుడు అతనిపై కోపపడవలదు. అతడు మన బిడ్డయే. పాత చందా చెల్లించి రసీదు పుచ్చుకొని, ఒక కాగితముపై తెలుగున రెండు వాక్యములు వ్రాసి అతని చేతికిండు: "మీ క్రొత్త ప్లానును గూర్చి నాకు తెలిసిన భాషలో ఇంతవరకు ఎవరును తెలుపలేదు. తెలిపిన పిదప నా అంగీకారమో నిరాకారమో వ్రాసి పంపెదను. అంతవరకు నా పాత ప్లానును మార్చవలదు." క్రింద తేదీ వేసి సంతకము చేయుడు. ఒక ప్రతి ఇంట ఉంచుకొనుడు, ఒక ప్రతి సంఘ కార్యాలయమునకు పంపుడు. వాటిని చదువుటకైనను ఆ సంస్థవారు తెలుగు వచ్చిన మనిషిని వెదకుకొందురు గాక!